బయటి గొళ్ళెం

శుభలేఖ మీద తన పేరు చూసి హేమశ్రీ ముందు ప్రెస్సువాళ్ళ పొరపాటనుకుంది. ‘ఆహ్వానించువారు: గణేష్‌బాబు, శ్రీమతి హేమశ్రీ’ అని బంగారు రంగు అక్షరాల్లో అచ్చయి ఉంది. విడాకుల కేసు వేసి ఏడాది కావస్తోంది. భర్త పేరూ తన పేరూ ఒకే కాగితం మీద ఈ మధ్య ఆమె చూసింది కోర్టు నోటీసుల్లోనే.

లాయరు రామతులసి గారు ఆ కార్డును వెనకా ముందూ తిప్పి చూసింది. రాజమండ్రిలో ఆమె ఇంటి ముందుగదే ఆఫీసు. బీరువా నిండా లా పుస్తకాలు, పక్కగదిలో కుట్టుమిషను, లోపలి నుంచి పోపు వాసన.

“వెళ్ళొద్దంటే మానేస్తావా?” అంది.

“దుర్గ పెళ్ళి మేడమ్.”

వెంకటదుర్గ హేమశ్రీ ఆడపడుచు. తండ్రి లేడు. తల్లి అప్పాయమ్మ భర్త పోయిన మనిషి కాబట్టి పీటల మీద కూర్చోనివ్వరు. కన్యాదానం చేయవలసింది అన్నా వదినా. వదిన బతికుండగా వేరే దంపతులను కూర్చోబెడితే మగపెళ్ళివారు కారణం అడుగుతారు. మొగల్తూరు వాళ్ళకి కేసు సంగతి తెలియదు. వదిన బి.ఇడి. చదవడానికి రాజమండ్రిలో పుట్టింట్లో ఉంటోందని చెప్పి సంబంధం కుదిర్చారు. “నువ్వు రాకపోతే ఈ పెళ్ళి జరగదు వదినా. నేనిక్కడే ఉండిపోతాను” అని దుర్గ ఫోనులో ఏడ్చింది.

దుర్గ మాట కాదనలేకపోవడానికి ఇంకో కారణం ఉంది. అది లాయరు గారికి ఒక్కరికే తెలుసు.

గణేష్‌బాబు చెయ్యి చేసుకునే మనిషి కాదు. గొంతు కూడా పెంచడు. కూరలో ఉప్పు ఎక్కువైనా, పుట్టింటివాళ్ళతో ఫోనులో ఎక్కువసేపు మాట్లాడినా, “కాస్త ఆలోచించుకో హేమా” అని మెల్లగా చెప్పి, పెరట్లో పొగాకు కొట్లోకి పంపి బయట గొళ్ళెం పెట్టేవాడు. లంక పొగాకు కట్టలు కప్పుదాకా పేర్చిన చీకటి గది అది. ఆ ఘాటుకి కళ్ళూ గొంతూ మండిపోయేవి. ఆఖరిసారి గొళ్ళెం పెట్టి తీయలేదు. రాత్రి గడిచింది, మర్నాడు పగలు కూడా గడిచింది. పొద్దు వాలాక బయట ఇనుము చప్పుడైంది. తలుపు తోసుకుని వచ్చేసరికి ఎవరూ లేరు. గోడవారగా దుర్గ పరికిణీ అంచు మాత్రం తప్పుకోవడం కనిపించింది. హేమ అట్నుంచి అటే రేవుకి నడిచి పడవెక్కేసింది. గొళ్ళెం తీసింది పాలేరు వెంకన్న అనుకుని గణేష్‌బాబు అతన్ని పనిలోంచి తీసేశాడు. దుర్గని ఎవరూ అనుమానించలేదు.

“కేసులో మనకున్న సాక్షి ఆ పిల్లొక్కతే. పేరు రాయనీ అంటే వద్దంటున్నావు” అంది రామతులసి గారు.

“ఆ ఇంట్లో ఉన్నంతకాలం వద్దు మేడమ్. పెళ్ళయి బయటపడనీయండి.”

“సరే, విను. మనం క్రూరత్వం కింద విడాకులడిగాం. నువ్వతన్ని క్షమించి మళ్ళీ కాపురానికి వెళ్ళావని వాళ్ళు చూపించగలిగితే కేసు పోతుంది. పీటల మీద కూర్చుంటావు, వీడియో తీస్తారు. అంతవరకూ నేను సర్దుకోగలను. ఆడపడుచు కోసం వచ్చిందండీ అంటాను. కానీ ఒక్క రాత్రి ఆ కప్పు కింద పడుకున్నావా, నేను చెప్పుకోడానికి ఏమీ మిగలదు.”

“ముహూర్తం పొద్దున్నే. సాయంత్రానికి వచ్చేస్తాను.”

“మార్చుకునే చీర తీసుకెళ్ళకు. చీరుంటే ఉండడానికే వెళ్ళిందంటారు. మీ అన్నయ్యని పక్కనుంచి కదలనివ్వకు.” కార్డు తిరిగి ఇచ్చింది. “ఇంత మర్యాదగా పిలిచాడు చూడు, అదే నాకు నచ్చట్లేదు.”

పెళ్ళినాటికి శ్రావణం సగం గడిచింది. పైన ఎక్కడో వానలు. గోదావరి ఇటుకరంగుకి తిరిగి, గట్టు రాళ్ళని మింగుతూ పోతోంది. హేమశ్రీ, ఆమె అన్న తాతాజీ రేవు చేరేసరికి బుల్లియ్య ఇంజను పడవ సిద్ధంగా ఉంది. అత్తవారి ఊరు ఏటి మధ్య లంక, అక్కడికి రాకపోకలన్నీ అతని పడవ మీదే.

“మీరొత్తన్నారని బాబుగారు చెప్పేరండమ్మా” అన్నాడు బుల్లియ్య. “ఇంక ఇక్కడే ఉండిపోతారంట కదండీ?”

“ఎవరన్నారు? సాయంత్రం తిరిగెళ్ళిపోతాం.”

“ఆయ్. ఏరు ఉండనివ్వాలి కదండీ మరి. ధవళేశ్వరం కాడ హెచ్చరిక ఇచ్చేరంట. మధ్యాన్నం దాటితే పడవలు కట్టేయమన్నారండి.”

“అయితే భోజనాలు కాగానే లేచిపోదాం” అన్నాడు తాతాజీ. “గారెలు మాత్రం వదలను. మా బావ మీద కోపం గారెల మీద ఎందుకు?”

హేమ నవ్వలేదు. అవతలి రేవులో నల్ల గొడుగు కింద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. పడవ దగ్గరయ్యేదాకా కదల్లేదు.

“రండి బావగారూ. రా హేమా, చిక్కిపోయావు” అన్నాడు గణేష్‌బాబు. గొడుగు ఆమె మీదికి జరిపాడు. “సంచి ఏదీ?”

“తేలేదండీ.”

“పరవాలేదు. నీ చీరలన్నీ ఇస్త్రీ చేయించి పెట్టాను.”

ఇల్లంతా పందిరి, మామిడాకులు, వంటవాళ్ళ కేకలు. అందరూ హేమను నిన్నటిదాకా అక్కడే ఉన్న మనిషిలా పలకరించారు. ఒక్కరూ ఏమీ అడగలేదు. ఎవరో ఏమీ అడగొద్దని చెప్పి ఉంచినట్టుంది. గణేష్‌బాబు ఆమెను పెరట్లోకి తీసుకెళ్ళాడు. పొగాకు కొట్టుకి తెల్లగా సున్నం వేసి ఉంది. లోపల మంచం, కొత్త దుప్పటి, స్టూలు మీద ఫ్యాను, గోడకి అద్దం, అద్దం కింద కొత్త దువ్వెన.

“నీకు ఆ వాసన పడదు కదా. సరుకంతా తీయించేశాను. ఇంక ఇది నీ గది. లోపలికొచ్చి చూడు.”

“ఇక్కణ్ణుంచి కనిపిస్తోందండీ.”

తలుపుకి ఆకుపచ్చ రంగు వేశారు. గొళ్ళెం కూడా కొత్తదే. అది బయటివైపే ఉంది.

కన్యాదానం వేళకి పంతులుగారు అన్నావదినల కొంగులు ముడివేశారు. పెళ్ళికొడుకు శివరామకృష్ణ కాళ్ళు గణేష్‌బాబు కడుగుతుంటే హేమ చెంబుతో నీళ్ళు పోసింది. వీడియోవాడి లైటు మొహం మీద పడింది.

“కాస్త నవ్వు హేమా” అన్నాడు గణేష్‌బాబు, పెదవులు కదలకుండా. “తర్వాత చూసుకునేవాళ్ళు బోలెడుమంది.”

ఆమె నీటిధార వైపే చూసింది. దుర్గ తలవంచుకుని ఉంది. ముగిశాక అతను ముడి విప్పుకోకుండా బంధువులతో మాట్లాడుతూ కూర్చున్నాడు. హేమే విప్పుకుని లేచింది.

భోజనాల వేళకి వాన మొదలైంది. బుల్లియ్య తడుచుకుంటూ వచ్చి, పెళ్ళివారిని రెండు విడతలుగా దాటించేస్తాననీ, ఆ తర్వాత పడవ కట్టేయాల్సిందేననీ చెప్పాడు. ఇల్లంతా ఒక్కసారిగా హడావిడి. ఆ హడావిడిలో హేమ అన్న కోసం వెతికింది. పందిట్లో లేడు, వీధి అరుగు మీద లేడు.

“రాజమండ్రి ఆయనాండీ? ముందు పడవలో దాటేశారు కదండీ” అంది గిన్నెలు కడుగుతున్న మనిషి.

అప్పాయమ్మ వెనక నుంచి చెయ్యి పట్టుకుంది. “అమ్మాయీ, సారె బుట్టలు పెరటి గదిలో పెట్టించాడు వాడు. నువ్వే తేవాలి. పీటల మీద కూర్చున్నదానివి నువ్వు కదా.”

“ఎవరిచేతనైనా బయట పెట్టించండి అత్తయ్యగారూ.”

“పెళ్ళిపూట ఎదురు చెప్పకే. వెళ్ళు.” అప్పాయమ్మ ఆమె కళ్ళలోకి చూడలేదు.

కొట్టు తలుపు బార్లా తెరిచి ఉంది. మంచం అవతల గోడవారన అరిసెల బుట్టలు, లడ్డూల బుట్టలు. సున్నం వాసన కింద నుంచి పాత ఘాటు ఇంకా వస్తూనే ఉంది. హేమ గడప ఇవతలే ఆగింది. వెనక అడుగుల చప్పుడు వినిపించింది.

“లోపలికి వెళ్ళు. తడుస్తున్నావు” అన్నాడు గణేష్‌బాబు. “మీ అన్నయ్య దాటేశాడు. నువ్వు వెనక పడవలో దుర్గతో వస్తానన్నావని చెప్పాను, పాపం నమ్మాడు. ఇంక ఏరు తగ్గేదాకా ఎవరూ రారు, ఎవరూ వెళ్ళరు. కాస్త ఆలోచించుకుందువుగాని.”

హేమ ద్వారబంధం గట్టిగా పట్టుకుంది. అరిస్తే సన్నాయి మోతలో వినపడదు. వినపడినా భార్యాభర్తల గొడవ అనుకుంటారు.

“వదినా!”

పెరటి గుమ్మం వైపు నుంచి దుర్గ కేక. పెళ్ళిపట్టుచీర కుచ్చెళ్ళు చేత్తో ఎత్తిపట్టుకుని పెరటి దారిలో నిలబడి ఉంది. ఆ పిల్ల చూపు హేమ మీద లేదు, తలుపు మీద ఉంది. కొత్త గొళ్ళేన్ని చూసింది. వెనకే వీడియోవాడు లైటుతో వచ్చాడు. గణేష్‌బాబు పక్కకి జరిగి నవ్వాడు. హేమ ఆ సందులోంచి నడిచి దుర్గ పక్కకి చేరింది.

వరద భయానికి అప్పగింతలు రేవు దగ్గరే పెట్టారు. గొడుగుల కింద పాలగిన్నె. దుర్గ చేతులు పాలలో ముంచి అత్తగారి చేతుల్లో పెట్టారు. అందరూ ఏడ్చారు. పడవలో మగపెళ్ళివారు సర్దుకున్నారు. పెళ్ళికూతురికి తోడు వెళ్ళవలసిన మనిషి అప్పాయమ్మ చెల్లెలు రామలక్ష్మి. ఆవిడ అప్పటికే పెద్ద సంచి ఒళ్ళో పెట్టుకుని ఎక్కి కూర్చుంది. హేమ పడవ అంచు పట్టుకోబోయింది.

“కుదరదండమ్మా” అన్నాడు బుల్లియ్య బాధగా. “ఎవరెవరెక్కాలో బాబుగారు చెప్పేసేరండి. ఇంకొక్క మనిషెక్కినా ఏరు ఒప్పుకోదు.”

నీరు రేవు మెట్లలో ఒకదాన్ని కప్పేసింది. గణేష్‌బాబు గొడుగు మళ్ళీ హేమ తలపైకి వచ్చింది.

“అయితే పిన్ని దిగాలి” అంది దుర్గ. పడవలో ఒక కాలు, మెట్టు మీద ఒక కాలు. “నాకు తోడు వదిన వస్తుంది.”

“నా చీరలన్నీ సర్దుకున్నానే తల్లీ!” అంది రామలక్ష్మి.

“దిగు పిన్నీ. వదిన రాకపోతే నేనూ ఎక్కను.”

మగపెళ్ళివారిలో గుసగుసలు మొదలయ్యాయి. పెళ్ళికొడుకు తల్లి నవ్వేసింది. “పిల్ల ముచ్చట తీర్చండీ గణేష్‌బాబు గారూ. ధారపోసిన వదినగారే తోడొస్తే మాకూ గౌరవమే కదా.”

లైటు గణేష్‌బాబు మీదికి తిరిగింది. అతను నవ్వుతూనే ఉన్నాడు. అతని చూపు హేమ మీద లేదు. చెల్లెల్ని చూస్తున్నాడు, తీరిగ్గా, పాదాల నుంచి మొహం దాకా. పక్కనే ఉన్న హేమకి మాత్రమే వినపడేంత మెల్లగా అన్నాడు. “ఆ రోజు తీసింది వెంకన్న కాదన్నమాట.”

తర్వాత గొంతు అందరి కోసం మార్చుకున్నాడు. “అలాగే తీసుకెళ్ళమ్మా. మూడో రోజుకి పెళ్ళికొడుకుతో నువ్వు రావాలి. తోడెళ్ళిన మనిషి వెంట ఉండి దింపాలి. అది పద్ధతి.”

రామలక్ష్మి గొణుక్కుంటూ దిగింది. హేమ ఎక్కింది. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది.

నడి ఏట్లో పడవ పక్కకి ఈడ్చుకుపోతుంటే బుల్లియ్య చుక్కానితో పెనుగులాడాడు. ఆడవాళ్ళు కళ్ళు మూసుకుని దేవుళ్ళని పిలుస్తున్నారు. దుర్గ చెయ్యి హేమ చేతిలో ఉంది. పాలజిడ్డు ఇంకా పోలేదు.

“ఏం పని చేశావే” అంది హేమ. “మీ అన్నయ్యకి తెలిసిపోయింది.”

“తెలియనీ. నేను మూడో రోజు రాను వదినా. అసలెప్పుడూ రాను. నువ్వు మీ లాయరమ్మగారితో చెప్పు, నా పేరు రాసుకోమని.”

“లాయరేంటి?”

పెళ్ళికొడుకు శివరామకృష్ణ ఇటు తిరిగి ఉన్నాడు. నుదుటి మీద బాసికం తడిసి వాలిపోయింది. భార్య మొహం, ఆమె వదిన మొహం మార్చి మార్చి చూశాడు. “ఎవరికి లాయరు? ఏం పేరు రాయడం?”

దుర్గ హేమ వైపు తిరిగింది. తాళి కట్టించుకున్న పూటే అబద్ధంతో పట్టుబడిన పిల్లలా చూసింది. తన విడాకుల కేసు దాచడానికే ఆ అబద్ధం ఆడారని హేమకి తెలుసు. ఆమె వెనక్కి చూసింది. రేవు మెట్లు కనిపించడం లేదు. నల్లగొడుగు అక్కడే ఉంది. నీళ్ళు అతని పాదాలు దాటి పంచె అంచు దాకా వచ్చాయి. అతను ఒక్క అడుగు కూడా వెనక్కి వేయలేదు.

ముందు ఒడ్డున చిన్నగా తాతాజీ, చెయ్యి ఊపుతూ. అక్కడికి చేరితే తను దిగి రాజమండ్రి బస్సెక్కుతుంది. దుర్గ ఈ మనిషి పక్కన మొగల్తూరు వెళ్తుంది.

“దాన్నేమీ అడక్కండి అన్నయ్యగారూ” అంది హేమశ్రీ. “నేను చెప్తాను. మీకు నచ్చకపోతే నన్నే అనండి.” ఇంజను మోతలో వినపడాలని ముందుకి వంగింది. “వాళ్ళింటి పెరట్లో ఒక కొట్టుందండీ. దానికి గొళ్ళెం బయటే ఉంటుంది.”