జిలానీ గట్టిమేళం

జిలానీ సన్నాయి గురించి ప్రొద్దుటూరులో ఒక మాట ఉండేది: మూడు ముళ్లకూ ఒకటే ఊపిరి. పురోహితుడు వేలెత్తి ‘గట్టిమేళం’ అనగానే ఎత్తుకున్న స్వరం, పెళ్లికొడుకు మూడో ముడి బిగించేదాకా తెగేది కాదు. చేతులు వణికి ముడి జారిపోయి మళ్లీ వేసే పెళ్లికొడుకులు ఉంటారు. వాళ్లకోసం కూడా జిలానీ బుగ్గలు దిగేవి కావు. దూదేకుల ఇంట్లో తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి తనకు వచ్చిన విద్య అది. పులివెందుల, జమ్మలమడుగు వైపు పెద్దపెద్ద బ్రాహ్మణ కుటుంబాలవాళ్లు ముహూర్తం పెట్టుకునేముందు ఆ రోజు జిలానీకి తీరికేనా అని కనుక్కునేవాళ్లు. ఆ గర్వం ఆయనకు కొంచెం ఎక్కువే. ఎందుకుండకూడదు?

అలాంటి మనిషికి పట్టిపట్టి ఊపిరితిత్తుల్లోనే క్షయ పట్టింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాది ఆయన్ను మదనపల్లె శానటోరియంకు మోసుకుపోయారు. పద్నాలుగు నెలలున్నాడు. ఎడమవైపు ఐదు పక్కటెముకలు తీసేసి, జబ్బు పట్టిన ఆ పక్క ఊపిరితిత్తి మూతపడేలా చేశారు డాక్టర్లు. జబ్బు పోయింది, ఇక ఎవరికీ అంటదు అని కాగితం రాసిచ్చిన డాక్టరు, సన్నాయి మాత్రం మరిచిపొమ్మన్నాడు.

ఇంటికొచ్చాక పరామర్శలు మొదలయ్యాయి. వచ్చినవాళ్లందరిదీ ఒకటే పాట: బతికుంటే బలుసాకు తినొచ్చు. నాలుగు రోజులు ఓర్చుకున్నాడు. ఐదోనాడు మంచం మీద లేచి కూర్చుని, “బలుసాకు మీరు తినండప్పా. నాకు సన్నాయి కావల్ల” అన్నాడు. అప్పటినుంచి ఆ ఇంటికి పరామర్శలు తగ్గాయి.

తెల్లవారగానే పెన్న ఇసుకలోకి నడిచేవాడు. మొదటి నెలంతా సన్నాయికి తగిలించకుండా, నోట పెట్టుకునే ఉత్త పీక ఊదాడు. అదైనా పిల్లికూన అరిచినట్టే ఉండేది. భార్య మస్తానమ్మ మొదట ఏడ్చింది, తర్వాత తిట్టింది. ఒకరోజు ఆయన దగ్గి దగ్గి ఇసుకలో కూలబడి, ఇక చాలేమో అన్నట్టు ఆమె వైపు చూశాడు. ఆ చూపు ఆమెకు నచ్చలేదు.

“సచ్చేటోనివైతే ఆ మదనపల్లెలోనే సచ్చుండేవానివి. ఊదు” అంది.

మర్నాటినుంచి ఆమే ఒక చెంబు, దారం తెచ్చుకునేది. ఆయన ఊదుతుంటే చెంబు మెడకు నిదానంగా మూడు ముళ్లు వేసేది. మొదటి ముడి పడేసరికే ఆయనకు ఊపిరి అయిపోయేది. ఆరు నెలలకు దగ్గు పోయింది, స్వరం నిలబడింది. ఊపిరి మాత్రం ఒక్క ముడి దాటి ఇసుమంత కూడా ముందుకు పోలేదు.

వైశాఖం ముందు జమ్మలమడుగు నుంచి రామం పంతులు వచ్చాడు. బడిపంతులు, మర్యాదస్తుడు. కూతురు కాత్యాయని పెళ్లికి మేళం కుదుర్చుకోవాలి. డోలు మస్తానమ్మ తమ్ముడు అలీ అహ్మద్‌ది. జిలానీ మంచం పట్టినప్పటినుంచి సన్నాయికి పులివెందుల నూరుల్లా వస్తున్నాడు. పాత గౌరవం కొద్దీ జిలానీని కూడా రమ్మన్నాడు పంతులు. పక్కన కూర్చుని శృతిపెట్టె ఒత్తితే చాలు, శాలువా కప్పి పంపుతానన్నాడు. ఎవరైనా తిట్టినా జిలానీకి అంత మండేది కాదు.

“శృతిపెట్టె ఒత్తేకి నేను రాను అయ్యవారూ. వస్తే ఊదుతా.”

పంతులు నసిగాడు. సరిగ్గా తాళి కట్టేవేళ దగ్గు వస్తే అపశకునమని, ఆడపిల్ల బతుకు కదా అని మెల్లగా చెప్పాడు. తండ్రి భయం, తప్పు పట్టలేం.

“గట్టిమేళం ఎందుకు పుట్టింది అయ్యవారూ? ఎవురో ఒకరు తుమ్ముతారు, దగ్గుతారు. అది పెండ్లికూతురి చెవిన పడగూడదని. పందిట్లో నాలుగునూర్ల మంది దగ్గులు కప్పే మేళం, నా ఒక్కని దగ్గు కప్పలేదా?”

పంతులు నవ్వేశాడు. అయితే ఒక షరతు పెట్టాడు. నూరుల్లా సన్నాయి పట్టుకుని పక్కనే ఉంటాడు. జిలానీ తడబడితే వెంటనే అందుకుంటాడు. జిలానీ సరేనన్నాడు గానీ, పంతులు పోయాక బావమరిదితో, “నూరుల్లా సన్నాయి లేసిందంటే నాది అటకెక్కినట్టే” అన్నాడు. జమ్మలమడుగు బస్సులో అలీ అహ్మద్ చెవిలో ఇంకేదో చెప్పాడు. అలీ అహ్మద్ తలూపాడు.

పెళ్లినాడు పీటల దగ్గర పురోహితుడు వేదవ్యాస శర్మ వేలెత్తాడు. జిలానీ ఎత్తుకున్నాడు. రెండేళ్లుగా వినని ఆ గొంతు విని పందిట్లో మాటలు ఆగిపోయాయి. మొదటి ముడి పడింది. సన్నాయి ఆగిపోయింది.

తలలన్నీ మేళం వైపు తిరిగాయి. రామం పంతులు మొహం పాలిపోయింది. నూరుల్లా సన్నాయి పెదాల దాకా లేచింది. జిలానీ అరచెయ్యి అడ్డం పెట్టాడు. అదే క్షణంలో అలీ అహ్మద్ డోలు ఉరిమింది. ఆ ఉరుములో జిలానీ ఎముకల్లేని పక్కను చేత్తో అదిమిపట్టి గాలి నింపుకున్నాడు. పెళ్లికొడుకు రెండో ముడికి దారం తిప్పగానే సన్నాయి మళ్లీ లేచింది, ఈసారి ఒక మెట్టు పైన. ముడి పడింది, సన్నాయి ఆగింది, డోలు ఉరిమింది. మూడో ముడికి తారస్థాయి అందుకుని, అక్షింతలు రాలేదాకా అక్కడే నిలబెట్టాడు. ఆ సందట్లో వియ్యపురాలు రెండుసార్లు తుమ్మిందట. ఎవరికీ వినపడలేదు.

భోజనాల దగ్గర వేదవ్యాస శర్మ వచ్చి, మేళం బ్రహ్మాండంగా ఉంది కానీ, ఒకప్పుడు ఒకే ఊపిరితో ఊదేవాడివి, ఇవాళ రెండుచోట్ల తెగిందేమిటని అడిగాడు.

జిలానీ పీక తుడుచుకుంటూ తలెత్తాడు. “తెగలేదు సామీ. ముళ్లు మూడు గదా, ముడికొక ఊపిరి ఇచ్చినా. ముందు మూడిటికీ కలిపి ఒకటే ఇస్తాంటి.”

మేళంతోపాటే వచ్చి దూరంగా కూర్చున్న మస్తానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, కళ్లు కూడా తుడుచుకుంది.

ఆ జ్యేష్ఠంలో సింహాద్రిపురంలో ఒక పెళ్లికి సన్నాయికి నూరుల్లా ఒక్కడే వెళ్లాడు. రెండు ఊపిరితిత్తులూ ఉక్కులాంటివాడు. అయినా ముడి పడగానే ఆగాడు, మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ ఆగాడు. ఆపుతున్నావెందుకని ఎవరో అడిగితే, ఇది జిలానీ మామ పద్ధతి అని, తెలియనివాళ్లు తెలుసుకోవాలని చెప్పాడు.