చూద్దాం అంటే ఆకుపచ్చ

మా మార్కెటింగ్ సారుకి తెలుగు వ్యాకరణం వచ్చు. మా కొంప ముంచింది అదే.

నేను చదివింది వృత్తివిద్యా కాలేజీలో బిజినెస్ కోర్సు. వారంలో సగం క్లాసు, సగం ఏదో ఒక కంపెనీలో ఇంటర్న్‌షిప్. క్లాసులో నేర్చుకున్నది కొట్లో చెయ్యాలి, కొట్లో చూసింది క్లాసులో చెప్పాలి. చేరేటప్పుడు వినడానికి ఎంత బాగుందో. తీరా చేరాక, క్లాసులో ఏమడిగినా "అది ఇండస్ట్రీలో నేర్పుతారు" అనేవాళ్ళు. ఇండస్ట్రీలో ఏమడిగినా "అదేంటి, క్లాసులో చెప్పలేదా" అనేవాళ్ళు. మధ్యలో మేము బస్సెక్కుతూ దిగుతూ ఉండేవాళ్ళం. బస్సు రూట్లు మాత్రం క్షుణ్ణంగా నేర్చుకున్నాం.

నా వంతుకి మంచాలూ పరుపులూ అమ్మే షోరూమ్ వచ్చింది. అక్కడ నాకు పర్మనెంట్ ఉద్యోగం రావడం చాలా అవసరం. ఎందుకంటే నాకో మామయ్య ఉన్నాడు. అమ్మకి తమ్ముడు, మాకు పక్కింటివాడు, బాత్రూమ్ సామాన్ల కొట్టుకి సొంతదారు. కోర్సు అయ్యేలోగా ఉద్యోగం దొరికితే సరి, లేకపోతే మామయ్య కొట్లో కౌంటర్ దగ్గర కూర్చోవాలని నన్ను చేర్పించిన రోజే అమ్మ తేల్చేసింది. మామయ్య చెడ్డవాడు కాదు. కాకపోతే పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు సాయంత్రం దించేదాకా పక్కనున్నవాళ్ళని దెప్పకుండా ఉండలేడు. కుళాయిలు తుడుస్తూ, ఆయన వెటకారం వింటూ ముసలిదాన్నైపోతానని నాకు నిజంగా భయంగా ఉండేది.

కాలేజీ మా ఫోన్లలో ఒక యాప్ పెట్టింది. వచ్చిన ప్రతి కస్టమర్ ఫోన్ నంబరూ అందులో ఎక్కించి, పక్కన ఒక రంగు నొక్కాలి. కొనేలా ఉంటే ఆకుపచ్చ, కొనకపోతే ఎరుపు. ఆకుపచ్చకి మాకు మార్కులు. ఎరుపు నొక్కితే ఎందుకు పోయాడో కారణాలు వ్యాసంలా రాయాలి. ఎవరూ ఎరుపు జోలికి పోకూడదని కనిపెట్టిన ఏర్పాటులాగే ఉండేది.

మొదటి వారమే క్లాసులో అడిగాను, "చూద్దాం" అని వెళ్ళిపోయిన కస్టమర్‌కి ఏ రంగు నొక్కాలని. సారు కళ్ళు మెరిశాయి. బోర్డు మీద "చూద్దాం" అని పెద్దక్షరాలతో రాసి, కింద గీత గీసి, ఇది ఉత్తమ పురుష బహువచనం అన్నాడు. "చూస్తాను" అంటే తనొక్కడే చూస్తాడట. "చూద్దాం" అంటే అందులో "మనం" ఉందట. అంటే కస్టమర్ మనల్ని తనలో కలిపేసుకున్నాడు, మనవాడైపోయాడు, కనుక ఆకుపచ్చ.

మా ఇంట్లో చూద్దాం అంటే వద్దనే అర్థమని నేను లేచి చెప్పాను. సారు జాలిగా చూసి, అది ఇంట్లో తెలుగు, ఇక్కడ నేర్చుకునేది మార్కెటింగ్ అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను మొహం మాడ్చుకుని కూర్చున్నాను.

ఇక షోరూమ్ సంగతి. ఎండ ముదిరితే చాలు, జనం వచ్చేవాళ్ళు. బయట వేడి, లోపల ఏసీ, పైగా పరుచుకుని ఉన్న పరుపులు. పిల్లలు చెప్పులతోనే ఎక్కి గెంతేవాళ్ళు. ఒక పెద్దాయన రోజూ వచ్చి అదే మంచం మీద నడుము వాల్చి, మెత్తదనం సరిపోయిందో లేదో తేలాలంటే ఇంకాస్త పడుకోవాలని కళ్ళు మూసేవాడు. ఒకసారి గురక కూడా పెట్టాడు. లేచి వెళ్తూ దుప్పటి సర్ది, చాలా మర్యాదగా "చూద్దాం అమ్మా" అనేవాడు. నేను ఆకుపచ్చ నొక్కేదాన్ని. ఆ ఒక్కాయనే నాకు బోలెడు మార్కులు తెచ్చిపెట్టాడు.

తెలిసి తెలిసీ ఎందుకు నొక్కావంటే ఏం చెప్పను? సారు చెప్పాడు, మార్కులు పడుతున్నాయి, వ్యాసాలు రాసే ఓపిక నాకు లేదు. అందరూ నొక్కుతున్నారు, నేనూ నొక్కాను.

షోరూమ్ ఓనర్ గారు తండ్రి దగ్గర్నుంచి వ్యాపారం అందుకున్న మనిషి. మాట మెత్తన, ఆయన పరుపులకంటే మెత్తన. నేను అప్పుడప్పుడూ ధైర్యం చేసి, కోర్సయ్యాక నన్ను ఉంచుకుంటారా అండీ అని అడిగేదాన్ని. ఆయన తల పంకించి, నవ్వి, "చూద్దాం అమ్మా" అనేవారు. ఇంటికెళ్ళి అమ్మతో, దాదాపు ఖాయమైనట్టేనని చెప్పేదాన్ని. ఊళ్ళోవాళ్ళ "చూద్దాం" అర్థమైన నాకు ఆ ఒక్క "చూద్దాం" మాత్రం అర్థం కాలేదు. అందులో "మనం" ఉందని అప్పటికి నాకూ నమ్మకం కుదిరింది.

టర్మ్ సగంలో కాలేజీవాళ్ళు ఓనర్ గారిని పిలిచి స్టేజీ మీద కూర్చోబెట్టారు. తరగతి గదికీ పరిశ్రమకీ వారధి అని పొగిడారు. మా సారు తెర మీద ఒక గుండ్రటి బొమ్మ చూపించాడు. మొత్తం ఆకుపచ్చ, అంచున ఎక్కడో సన్నటి ఎర్ర గీత. ఇంతమంది కొనడానికి సిద్ధంగా ఉన్నారని, ఇది మన విద్యార్థిని సేకరించిన శాస్త్రీయ సమాచారమని చెప్పాడు. తెర మీద రంగే ఉంది, "చూద్దాం" అనే మాట ఎక్కడా లేదు. ఓనర్ గారు చంకలు గుద్దుకున్నారు. మర్నాడే ఫ్యాక్టరీకి ఫోన్ చేసి మంచాలకి ఆర్డరిచ్చారు.

మంచాలు లారీల్లో వచ్చాయి. షోరూమ్ నిండింది, వెనక గది నిండింది, బాత్రూముకి వెళ్ళే దారి నిండింది. పనివాళ్ళు మంచం మీంచి మంచం మీదికి ఎక్కి దిగుతూ తిరిగారు. కుర్చీలు వేసే చోటు లేక ఓనర్ గారు తన కుర్చీని ఇంటికి పంపేశారు. కొనేవాళ్ళు మాత్రం రాలేదు. చివరికి ఆయనే ఆకుపచ్చవాళ్ళకి వరసగా ఫోన్లు చేయించి, స్పీకర్ పెట్టించి విన్నారు. అందరూ మర్యాదస్తులే. ఒక్కరు కూడా వద్దనలేదు.

అప్పుడు మా సారుకి కబురెళ్ళింది. ఆయన వచ్చేసరికి కూర్చోవడానికి మంచాలు తప్ప ఇంకేం లేవు. ఓనర్ గారు ఒక మంచం మీద, సారు ఎదురుగా అన్నిటికంటే మెత్తటి పరుపు మీద. సారు నిటారుగా కూర్చోబోయి వెనక్కి కూరుకుపోయాడు, మళ్ళీ లేచి సర్దుకున్నాడు. నేను మధ్యలో నిలబడ్డాను.

వీళ్ళంతా అసలు నీతో ఏమన్నారమ్మా అని ఓనర్ గారు నన్నడిగారు. చూద్దాం అన్నారండీ అన్నాను. సారు గబగబా ఉత్తమ పురుష బహువచనం అందుకున్నాడు. "మనం" దాకా వచ్చేసరికి ఓనర్ గారు చెయ్యెత్తి ఆపారు.

"అయ్యా, నేను పుట్టిందే ఈ పరుపుల మధ్య," అన్నారు. "చూద్దాం అంటే వద్దని. మొహం మీద వద్దనలేక అనే మాట అది. చంటిపిల్లాడికి కూడా తెలుసు."

ఆయన మాట నాకు తగలాలని అనలేదు, అయినా సూటిగా నాకే తగిలింది. ఎన్నిసార్లు అడిగానో, ఎన్నిసార్లు నవ్వుతూ అన్నారో అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"నా ఉద్యోగం గురించి అడిగినప్పుడల్లా మీరు చూద్దాం అనే అన్నారు కదండీ," అన్నాను.

ఓనర్ గారు నా వంక, సారు వంక, మంచాల వంక చూశారు. అలవాటు కొద్దీ "చూ" దాకా వచ్చి ఆగిపోయారు. తర్వాత, ఆయన నోట నేనెప్పుడూ వినని మాట వచ్చింది.

"లేదమ్మా. నిన్ను పెట్టుకుంటే జీతమివ్వాలి. ఇంటర్న్‌లు ఊరికే వస్తారు. వచ్చే టర్మ్‌కి మీ కాలేజీ ఇంకొకరిని పంపుతుంది."

నేను సారు వైపు తిరిగాను. ఒక్క మాటైనా అంటాడని ఇంకా ఆశ. ఆయన పరుపులోంచి లేవడానికి తంటాలు పడుతూ, తప్పకుండా పంపిస్తామండీ అన్నాడు. నీ ప్రశ్న చాలా బాగుంది, ప్రాజెక్టు రిపోర్టులో చేర్చు అని నాతో అన్నాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను. వాళ్ళు మోసం చేశారని కాదు, నేనే నన్ను నమ్మించుకున్నానని ఏడుపొచ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని యాప్ తెరిచి, నా పేరు మీదే ఒక ఎరుపు నొక్కాను. అది కారణం రాయమంది. లేదన్నారు అని రాశాను. కారణం చాలదంది.

ఫలితాలొచ్చాక చూస్తే, ఆ ఆకుపచ్చల పుణ్యమా అని కాలేజీలో నేనే ఫస్టు. అమ్మ ఆ కాగితం పట్టుకుని సంతోషించాలో లేదో తెలియక నిలబడి ఉండగానే మామయ్య వచ్చాడు. వచ్చీ రాగానే చెప్పులు విడుస్తూ, ఫస్టు వచ్చావట కదా, అయితే రేపట్నించి కొట్లో కుళాయిలు ఫస్టు క్లాసుగా మెరుస్తాయన్నాడు. నాకు ఉద్యోగం రానందుకు ఆయన మొహంలో ఎక్కడా బాధ లేదు. కౌంటర్ పక్కన నాకోసం కొత్త స్టూలు కూడా వేయించానని చెప్పాడు. రేపు ఎన్నింటికి వస్తావని అడిగాడు.

"చూద్దాం మామయ్యా," అన్నాను.

మామయ్య వ్యాపారంలో పండిన మనిషి. రెండో చెప్పు విడవబోయినవాడు అలాగే ఆగి, నా మొహంలోకి కాసేపు చూశాడు.

"రానని చెప్పొచ్చుగా," అన్నాడు.

"అదే చెప్పాను."