అప్పు తీరిన తరవాత

వెండెల్ మంచుకు కన్నాలు వేసే తన బర్మాను పక్కింటి గోర్డికి ఊరికే ఇచ్చేసిన రోజున మార్లిస్‌కు మొదటిసారి భయం వేసింది.

అమ్మి ఉంటే భయపడేది కాదు. రెండేళ్లుగా ఆ ఇంట్లో అమ్మకం తప్ప మరొకటి జరగలేదు. కాగితం మిల్లులో పెద్ద యంత్రం ఆపేసి వెండెల్‌తో సహా సగం మందిని ఇంటికి పంపేసినప్పుడు, మొగుడూ పెళ్లాలిద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చుని తమ బాకీలన్నీ ఒక్కచోట చూసుకున్నారు. పడవ మీద అప్పు, మంచు మీద నడిపే స్నోమొబైల్ మీద అప్పు, వేసవిలో పట్టుమని పది రోజులు వాడని క్యాంపర్ బండి మీద అప్పు, వీటన్నిటినీ దాచడానికి కట్టించిన షెడ్డు మీద అప్పు. ఆ సాయంత్రమే క్రెడిట్ కార్డులు కత్తిరించి చెత్తబుట్టలో పడేశారు.

అప్పటినుంచి మంచు కరగడం ఆలస్యం, గరాజ్ ముందు బల్లలు వేసి, ప్రతి వస్తువు మీదా ధర చీటీ అంటించి అమ్మేవారు. వెండెల్ బేరంలో గట్టివాడు. టోస్టర్ దగ్గర పాస్టర్ గారి భార్యకు కూడా అర డాలరు తగ్గించలేదు. మార్లిస్ తన కుట్టుమిషను అమ్మేసింది. స్కూలు వంటశాలలో తన పని అయ్యాక, గిన్నెలు తోమే పనికి కూడా కుదిరింది.

ఇల్లు ఖాళీ అవుతుంటే మొదట్లో దిగులేసింది. తరవాత అలవాటైంది. ఆ తరవాత, తనకే ఆశ్చర్యంగా, ఇష్టమైంది. రెండు ప్లేట్లు, ఒక పెనం, ఒక కుండ. రాత్రి భోజనమయ్యాక పేకముక్కలు. సోఫా పోయిన చోట మధ్యాహ్నపు ఎండ వచ్చి కూర్చునేది.

"ఇంత తక్కువతో బతకొచ్చని ఎవరైనా ముందే చెప్పుంటే బావుండేది" అనేది మార్లిస్.

"మా అమ్మ చెప్పింది. పడవ కొనుక్కునే హడావుడిలో ఉండి వినలేదు" అనేవాడు వెండెల్.

మార్చిలో ఆఖరి బాకీ తీరిపోయింది. మార్లిస్ ఆపిల్ పై అనే తీపి వంటకం చేసింది. వెండెల్ ఒక ముక్క తిని, ఫోర్కు పక్కన పెట్టి, "హమ్మయ్య, ఇక నీ మీద ఏమీ లేదు" అన్నాడు. మన మీద అనబోయి అలా అన్నాడులే అనుకుని ఆమె ఇంకో ముక్క వడ్డించింది.

అప్పు తీరింది కాబట్టి అమ్మకాలు ఆగిపోవాలి. ఆగిపోయాయి కూడా. కాని పంచిపెట్టడం మొదలైంది.

"ఏం ముసలోడా, ఊరికే ఇస్తున్నావేంటి? జ్వరం గానీ తగిలిందా?" అన్నాడు గోర్డి, బర్మాను చేతుల్లో తిప్పి చూసుకుంటూ. ఏటా సరస్సు గడ్డకట్టగానే వాళ్లిద్దరూ దానితోనే మంచుకు కన్నాలు వేసి, పక్కపక్కన బకెట్ల మీద కూర్చుని చేపలు పట్టేవారు.

"తీసుకోవయ్యా."

"డబ్బులిస్తానంటే వద్దంటావు. రేపు నా మీద కేసు పెడతావా ఏంటి?"

"నాకెందుకిక" అన్నాడు వెండెల్.

కిటికీ దగ్గర గిన్నె తుడుస్తున్న మార్లిస్‌కు ఆ మాట వినబడింది. చలికాలం అయిపోయిందిగా, అందుకే అన్నాడు అనుకుంది. కాని సరస్సు మళ్లీ గడ్డకడుతుంది. గడ్డకట్టని ఏడాది ఆ ఊరు ఎరగదు.

తరవాత వెండెల్ వాళ్ల నాన్న వడ్రంగం చిత్రికలు మేనల్లుడికి వెళ్లిపోయాయి. వేటకు తొడుక్కునే నారింజ రంగు కోటు చర్చికి వెళ్లింది. ఒక ఆదివారం ఆమెను బేస్‌మెంట్‌లోకి పిలిచి ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ ఫిల్టర్ ఎలా మార్చాలో, పంపు ఆగిపోతే ఏ మీట నొక్కాలో చూపించాడు.

"ఇవన్నీ నాకెందుకు? నువ్వున్నావుగా" అంది మార్లిస్ నవ్వుతూ.

"తెలుసుకుని ఉండు. మంచిదే కదా."

పైకి వస్తూ ఈల వేశాడు. మిల్లు నుంచి పంపేసిన నాటి నుంచి అతని నోట ఈల వినలేదు. చలికాలమంతా గోడకేసి చూస్తూ కూర్చున్న మనిషి ఇప్పుడు హాయిగా నిద్రపోతున్నాడు, గడ్డం గీసుకుంటున్నాడు. చర్చిలో కాఫీ తాగుతూ అందరూ, "వెండెల్ కోలుకున్నాడు మార్లిస్, మొహంలో కళ వచ్చింది" అన్నారు. ఆమె తల ఊపింది. ఊపుతుండగానే అరచేతులు చల్లబడ్డాయి. ఎందుకో అప్పుడు తెలియలేదు.

స్కూల్లో కారెట్లు తరుగుతుండగా తెలిసింది. సెలవులకు ముందు కౌంటీ ఆరోగ్య శాఖ నుంచి ఒకావిడ వచ్చి, వంటవాళ్లనూ బస్సు డ్రైవర్లనూ కూర్చోబెట్టి మాట్లాడింది. పిల్లల్ని ఓ కంట కనిపెట్టి ఉండమని చెప్పింది. చాలాకాలం దిగులుగా ఉన్నవాళ్లు ఉన్నట్టుండి నిమ్మళించినా, ప్రాణంలా చూసుకునే వస్తువులు పంచిపెట్టేస్తున్నా ఊరుకోవద్దంది. మొహం మీదే అడగండి, అడిగితే లేని ఆలోచన పుట్టదు, అంది. మార్లిస్ అప్పుడు ఇద్దరు ముగ్గురు పిల్లల మొహాలు తలుచుకుంది. యాభై తొమ్మిదేళ్ల మనిషి మొహం తలుచుకోలేదు.

కత్తి కింద పెట్టింది. ఒంట్లో బాలేదని చెప్పి ఇంటికి బయల్దేరింది.

దారిపొడుగునా తనను తాను తిట్టుకుంది. అతను ఒట్టి పొదుపరి, అంతే. రెండేళ్లు వస్తువులు వదిలించుకుని ఆ తేలికదనం రుచి మరిగాడు. తనకు మాత్రం ఆ రుచి తెలియదా? ఖాళీ గదిలో నిలబడితే ఊపిరి బాగా ఆడుతుందని తానే కదా అందరికీ చెప్పుకు తిరిగింది. కాని ఒకే ఖాళీ గదిలో ఇద్దరు మనుషులు ఒకే కారణంతో నిలబడి ఉన్నారని ఎవరు చెప్పగలరు? బతకడానికి కావలసినంత ఉంచుకుని తక్కినవి తీసేస్తోంది తను. అతను దేనికి తీసేస్తున్నాడు?

ఇంటి ముందు వెండెల్ ట్రక్కు లేదు. తలుపు తీసి, బూట్లు కూడా విప్పకుండా, కోట్లు పెట్టే అలమర దగ్గరికి వెళ్లింది. ఒకప్పుడు ఆ అలమర తెరిస్తే మీద పడేవి: కోట్లు, బూట్లు, విరిగిన గొడుగులు. ఇప్పుడు రెండు కోట్లు ఉన్నాయి. వాటి పక్కన, మూలకు ఆనించి, జింకల వేట తుపాకీ.

వేట కోటు ఇచ్చేశాడు. చెట్టు మీద కట్టుకునే మంచె ఇచ్చేశాడు. వేట కత్తులు ఇచ్చేశాడు. ఊళ్లో అందరికంటే ముందు అమ్ముడుపోయేదీ, మంచి ధర పలికేదీ ఈ తుపాకీయే. ఇది మాత్రం ఉంది. ఇన్నేళ్లూ కోట్ల వెనక ఉండి కంటపడలేదు. ఇల్లు బోసిపోయాక భయానికి దాక్కునే చోటు కూడా లేకుండా పోయింది.

దాన్ని ముట్టుకోలేకపోయింది. అలమర మూసేసి గోర్డి ఇంటికి పరిగెత్తింది.

"దా దా, కాఫీ తాగుతావా? ఏంటలా ఉన్నావ్, స్కూలు తగలబడిందా?"

"వెండెల్ నీతో ఏమైనా అన్నాడా గోర్డి?"

"దేని గురించి?"

"ఏదైనా. తన గురించి."

"మార్లిస్, మేం చేపలు పడతాం. మాట్లాడుకుంటామని ఎవరు చెప్పారు నీకు?" అని నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "ఒకటి మాత్రం ఉంది. నవ్వకు. బర్మా ఇచ్చిన రోజు, వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుని ఊపాడు. షేక్‌హ్యాండ్. ఇన్నేళ్లుగా పక్కపక్కన ఉంటున్నాం, ఒక్కసారి కూడా చెయ్యి కలుపుకోలేదు మేం. ఇదేంట్రా, ఊరెళ్తున్నావా అనుకున్నా."

అప్పుడే బయట ట్రక్కు చప్పుడైంది. అతను ఇంటికి వచ్చాడు. ఇంట్లో అతనొక్కడే.

"నువ్వు ఇంట్లోనే ఉండు గోర్డి. ఎక్కడికీ వెళ్లకు" అని మాత్రం చెప్పగలిగింది.

రెండిళ్ల మధ్యా కరిగీ కరగని మంచు బురదగా ఉంది. ఆ కాస్త దూరమూ ఆమె ఇంటి నుంచి ఏ శబ్దం వస్తుందోనని చెవులు రిక్కించుకుని నడిచింది. ఏ శబ్దమూ రాలేదు. అదీ భయంగానే ఉంది.

వెండెల్ వంటింట్లో నిలబడి మంచినీళ్లు తాగుతున్నాడు.

"పెందరాళే వచ్చావే" అన్నాడు.

ఆమె కోటు విప్పలేదు. కౌంటీ ఆవిడ చెప్పిన మాట నోట్లో రాయిలా ఉంది. వాళ్ల ఊళ్లో అలాంటి మాటలు ఎవరూ అనరు.

"వెండెల్, చచ్చిపోవాలనుకుంటున్నావా?"

"ఛ. ఏం మాటలవి?"

"చచ్చిపోవాలనుకుంటున్నావా?"

"లేదు మార్లిస్. బానే ఉన్నా. కోటు తీసి కూర్చో, కాఫీ పెడతా."

ఆ జవాబుకు ఆమె ఒళ్లంతా ఒక్క క్షణం తేలికపడింది. ఆ తేలికపడటం ఆమెకు బాగా తెలుసు. వాళ్ల ఊళ్లో ఎవరింటికైనా వెళ్లి కూర్చుంటే, కాఫీ కావాలా అంటే వద్దంటారు. మళ్లీ అడిగితే, మీకెందుకు శ్రమ, అంటారు. మూడోసారి అడిగితేనే కప్పు అందుకుంటారు. రెండుసార్లు అడిగి కెటిల్ దించేసిన ఇల్లాలి గురించి ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం గోడకేసి చూస్తున్న అతన్ని, ఏమైంది, అని అడిగింది. ఏం లేదన్నాడు. నిజంగానా, అంది. నిజంగానే అన్నాడు. ఆమె దుప్పటి కప్పుకుని పడుకుంది. ఏ కాఫీ దగ్గరా అలా చేయలేదు తను. ఆ రోజు మూడోసారి అడగకపోవడం మరపు కాదని, వినాల్సి వస్తుందేమోనన్న భయమని ఇప్పుడు తెలిసింది.

"మూడోసారి అడుగుతున్నా" అంది. "వెండెల్, చచ్చిపోవాలనుకుంటున్నావా?"

అతను గ్లాసును సింకు పక్కన పెట్టాడు. దాన్ని కొంచెం జరిపాడు. మళ్లీ జరిపాడు. కింద ఫర్నేస్ ఆగింది.

"ఊఁ" అన్నాడు.

ఆమె బల్ల అంచు పట్టుకుంది.

"అప్పు ఉండగా కుదరదు కదా" అన్నాడు, ట్రక్కు టైర్ల గురించి చెప్పే గొంతుతోనే. "అదంతా నీ నెత్తిన పడుతుంది. ఈ చెత్తంతా నువ్వొక్కదానివే సర్దుకోవాలి. అందుకని ముందు అది తేల్చేద్దామని."

"రెండేళ్ల నుంచీనా?"

"రోజూ కాదు. అప్పుడప్పుడు. ఆఖరి బాకీ తీరాక రోజూ."

గిన్నెలు తోమి ఒరుసుకుపోయిన తన చేతులు ఆమెకు కనబడ్డాయి. రెండేళ్లూ అతన్ని భూమికి కట్టి ఉంచింది ఆ అప్పే. ఆ కట్లను ఒక్కొక్కటీ ఇద్దరూ కలిసి, నవ్వుకుంటూ, పేకాడుకుంటూ విప్పారు. చివరి కట్టు తెగినప్పుడు తను ఆపిల్ పై చేసి వడ్డించింది. ఆమె ఏడవలేదు. ఏడవడానికి కూడా భయం వేసింది.

"ఆ తుపాకీ గోర్డికి ఇచ్చి వస్తా" అంది.

"సరే."

కాని కదలలేకపోయింది. తుపాకీని ఇక్కడ ఉంచుకుని అతనితో ఉండటం తనవల్ల కాదు. అతన్ని ఇక్కడ ఒంటరిగా ఉంచి తుపాకీ తీసుకుని వెళ్లడమూ తనవల్ల కాదు. వెండెల్ అది కనిపెట్టాడు.

"నేనూ వస్తాలే" అన్నాడు నెమ్మదిగా. "నన్ను ఒక్కణ్ణి ఉంచకు."

ఆ మాటలో అతని భయం మొదటిసారి ఆమెకు వినబడింది. ఇంతసేపూ తనొక్కతే భయపడుతున్నాననుకుంది.

తుపాకీ ఆమె పట్టుకుంది. అతను ఆమె కోటు చేతిని పట్టుకున్నాడు. బురదలో అలాగే నడిచారు. గోర్డి తలుపు తీసి ఏదో హాస్యమాడబోయి, ఇద్దరి మొహాలూ చూసి ఆగిపోయాడు. తుపాకీ అందుకుని లోపల పెట్టి తాళం వేసి వచ్చాడు.

"చలికాలం దాకా నా దగ్గర ఉంటుందిలే" అన్నాడు. తరవాత వెండెల్ భుజం మీద చెయ్యి వేసి, ఏం చెప్పాలో తెలియక, "ఆ బర్మా నాకు తిప్పడం రాదురా, ముసలోడా. నువ్వు లేకపోతే నేను చేప మొహం చూడను" అన్నాడు. వెండెల్ నేలకేసి చూశాడు.

ఆసుపత్రికి ఆమే ట్రక్కు నడిపింది. నది మీద వంతెన వచ్చినప్పుడు, అతని వైపు తలుపు తాళం పడి ఉందో లేదోనని చూసింది. పడి ఉంది. అయినా వంతెన దాటేదాకా ఒక చెయ్యి అతని మోకాలి మీద పెట్టి ఉంచింది.

ఆసుపత్రిలో ఒక నర్సు అతన్ని లోపలికి తీసుకువెళ్లింది. కాసేపటికి ఒక కాగితం సంచీతో బయటికి వచ్చింది. అందులో అతని బెల్టు, బూట్ల తాళ్లు, తాళంచెవులు, జిడ్డుపట్టిన మిల్లు టోపీ ఉన్నాయి.

"ఇవి మీ దగ్గర ఉంచండమ్మా. ఈ రాత్రికి ఆయన ఇక్కడే ఉంటారు. డాక్టరుగారు మాట్లాడతారు. మీరు ఇంటికి వెళ్లి రెస్టు తీసుకోండి."

"వెళ్లను" అంది మార్లిస్.

"సరే, కాఫీ తాగుతారా?"

"తాగుతా."

నర్సు తలుపు తోసుకుని లోపలికి వెళ్తుండగా, ఆ సందులోంచి వెండెల్ కనిపించాడు. మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఒళ్లో చేతులు ఖాళీగా ఉన్నాయి. ఆమె వైపు చూశాడు.

"మార్లిస్, ఆ టోపీ ఎవరికీ ఇచ్చేయకు. నాకు కావాలి" అన్నాడు.

తలుపు మూసుకుంది. ఆమె సంచీని ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. నిజంగానే అన్నాడా, తన భయం తీర్చడానికి అన్నాడా? లోపలికి వెళ్లనిస్తే మళ్లీ అడగాలి. అతను ఏమన్నా, ఇంకోసారి అడగాలి. ఆమెకు ఇంకా భయంగానే ఉంది.