కౌముది చేతికి తగ్గ గేరు

"మూడో గేరు కాడికొచ్చీసరికి అలా ముందుకి తూలిపోతన్నావేటే?" అని అడిగింది అమ్మన్నమ్మ, మందుల షాపు ముందు బండి ఆగగానే. పెళ్ళైన ఇన్నేళ్ళలో కోడలి ఒంటి గురించి అత్తగారు వేసిన మొదటి ప్రశ్న అది.

భర్త యోగేశ్ ఆటోమేటిక్ కారు కొనుక్కున్నాక పాత బండి ఆమె చేతికొచ్చింది. ఇక ఇది నీదే అన్నాడు. బండితోపాటు అత్తగారి ఫిజియోథెరపీ, పిల్ల ట్యూషను, ఆదివారం చేపల బజారు, చుట్టాల్ని హౌరా స్టేషన్లో దింపడం కూడా ఆమెవే అయ్యాయి. ఉద్యోగం మానేసిన మనిషికి ఖాళీయే కదా అంది ఆడపడుచు. ఆ ఖాళీ ఎక్కడుందో వెతుక్కోవడానికైనా కౌముదికి తీరిక దొరకలేదు. గార్డెన్ రీచ్‌లో ఇల్లు దాటింది మొదలు లారీల వెనక గేరు మారుస్తూనే ఉండాలి. ఆ గేరు రాడ్డు మూడోదానికి ఎంత దూరం పోతుందంటే, ఆమె భుజం సీటు వదలాలి. అయినా ఆ బండంటే ఆమెకు ప్రాణం. ఇంట్లో ఆమె మాట వినేది అదొక్కటే. అందుకే రాడ్డు తక్కువ దూరం కదిలేలా చేసే షార్ట్ షిఫ్టర్ గురించి చదివినప్పుడు ఆశ పుట్టింది. తనకంటూ ఒకటి కావాలని అడిగి ఎన్నాళ్ళయిందో. కూరల బండికి రేసు గేరా అని నవ్వాడు యోగేశ్. తర్వాత వీడియోలు చూసి తనే ఉత్సాహపడ్డాడు. అది ఇంకా ప్రమాదం.

ఖిదిర్‌పూర్ గ్యారేజీలో రెండు రకాల షిఫ్టర్లు బల్లకు బిగించి పెట్టారు, కదిపి చూసుకోవడానికి. కౌముది ఎదురుగా నిలబడి ఉన్నా మేస్త్రీ "దాదా, దేఖున్" అని యోగేశ్‌నే చూడమని పిలిచాడు. యోగేశ్ బాగా తక్కువ కదిలే పొట్టిది పట్టుకుని టకటకా వేసి మురిసిపోయాడు. ఇదే బిగించమన్నాడు. పెళ్ళానికి గాజులు కొనబోయి తన చేతికి తొడుక్కుని చూసుకున్నట్టుంది ఆ వరస.

కౌముది స్టూలు లాక్కుని, బండిలో కూర్చున్నట్టే బల్లముందు కూర్చుంది. పొట్టిది దగ్గరగానే ఉంది గానీ మొరాయిస్తోంది. దూరం తగ్గిన కొద్దీ బలం ఎక్కువ పెట్టాలి. వంతెన మీద జామ్‌లో ఒకటి, రెండు, మళ్ళీ ఒకటి వేస్తూ పోతే సాయంత్రానికి ఆ మణికట్టు చపాతీ పిండి కలపడానికి కూడా పనికిరాదు. రెండో రకం కాస్త ఎక్కువ కదిలినా, వేళ్ళతో నెడితే మెత్తగా పడింది. భుజం కదల్లేదు. ఆమెకు లోపల ఎంత సంతోషమేసిందో.

ఇంతదూరం వచ్చి సగం సరుకు కొంటావా అన్నాడు యోగేశ్. మేస్త్రీ తన 'దాదా' వైపే చూశాడు. సరేలెండి అనేస్తే గొడవుండదు, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కర్టెన్ల రంగు దగ్గర్నుంచి తన ఉద్యోగం దాకా అన్నీ ఆ ఒక్క మాటతోనే వదిలేసుకుంది.

"నడిపేది నేను. నా చేతికి ఇదే కావాలి" అంది. మేస్త్రీకి బెంగాలీలో కూడా చెప్పింది.

కోడలి బండిలోనే వచ్చి పక్కన కుర్చీలో కూర్చున్న అమ్మన్నమ్మ కొడుకుని ఎగాదిగా చూసింది. "సెయ్యి దానిదిరా. నీకేటి నొప్పి?"

బిగించడం అయ్యాక మేస్త్రీ తాళం కౌముదికే ఇచ్చాడు. దారిలో ఇస్త్రీ బట్టలు తెచ్చెయ్యమని చెప్పి యోగేశ్ తన కారెక్కబోయాడు. మీ దారిలోనే కదా, మీరే తెచ్చెయ్యండి అంది కౌముది మామూలుగానే. అతను తలూపి వెళ్ళాడు.

బండి ఇంటివైపు కాకుండా కుడికి తిరిగేసరికి అమ్మన్నమ్మ ఆశ్చర్యపోయింది. "ఇటేటే? ఏటి పనుంది?"

"ఏ పనీ లేదత్తా. నడపాలనుంది."