ముందు వదులు, తర్వాత పట్టుకో

నేను ఒక అదనపు ప్యారాచూట్‌ని. పెద్ద ప్యారాచూట్ మొండికేస్తే తెరుచుకోవడం నా ఉద్యోగం. పుట్టి ఏడేళ్లయినా ఒక్కనాడూ పని తగల్లేదు. ఆకాశం ఏ రంగో కూడా తెలియదు. ఆరు నెలలకోసారి జహంగీర్ భాయ్ నన్ను విప్పి, దులిపి, కొత్తల్లుడి చొక్కాలా మడిచి, ఎర్రదారంతో సీలు వేసేవాడు.

ఒకనాడు మా ప్యారాచూట్ బడికి బొమ్మగాని సైదులు వచ్చాడు. నల్గొండ వైపు కల్లు గీసే మనిషి. "ఎక్కి దిగుడేనా బావా, దుంకే దమ్ముందా?" అని కల్లు మండువలో బావమరిది ఎగతాళి చేశాడట. మీసం మెలేసుకుని వచ్చేశాడు.

రాగానే నా సంచి తడిమాడు.

"ఇది ఎవరు కట్టిన్రు?"

"నేనే. జహంగీర్."

"మంచిది. పేరు తెల్వనోడు పేనిన మోకుతోని నేను తాటిచెట్టెక్క."

మోకంటే చెట్టుకీ నడుముకీ చుట్టుకునే తాడు. దాన్ని అద్దుకున్నట్టే నన్నూ కళ్లకద్దుకున్నాడు. ఏడేళ్లలో నాకు దక్కిన మొదటి మర్యాద!

నేర్పేది సుగుణ మేడమ్. సైదుల్ని షెడ్డు దూలానికి వేలాడదీసి చెప్పింది: పెద్దది చిక్కుపడితే ముందు ఎర్ర పిడి లాగాలి, అది ఊడిపోతుంది. తర్వాత వెండిరంగు పిడి, నేను తెరుచుకుంటాను. సైదులు ప్రతిసారీ వెండిరంగుదే ముందు లాగాడు.

"ఇంకోటి చేతికి రాకముందే ఉన్నదాన్ని ఇడుస్తరా మేడం? మా గీతగాళ్లల్ల అట్ల ఇడిచినోడు ముసలోడు కాలే."

"రెండూ చుట్టుకుంటే నువ్వూ ముసలోడివి కావు అన్నా. మళ్లీ!"

సాయంత్రానికి చేతులు ఒప్పుకున్నాయి. మనసు ఒప్పుకోలేదు.

మర్నాడు నాలుగు వేల అడుగుల ఎత్తున, విమానం తలుపు కమ్మీని తాటిచెట్టులా వాటేసుకున్నాడు. "వద్దంటే ఎనక్కి పోదాం అన్నా" అంది మేడమ్. అంతే, పౌరుషం పొడుచుకొచ్చింది. దూకాడు.

విమానానికి కట్టిన పట్టీ పెద్ద ప్యారాచూట్‌ని లాగింది. మహాతల్లి పిండిన పంచెలా మెలిపడింది. గిర్రున తిరుగుతున్నాం. సైదులు రెండు చేతులా పై తాళ్లు పట్టుకుని వేలాడుతున్నాడు. నాకు పని తగిలింది, వీడు వదిలితే కదా!

శిరస్త్రాణంలోని రేడియో గరగరలాడింది. కింద మైదానంలోంచి జహంగీర్ భాయ్ గొంతు.

"సైదులన్నా! రెండోది కట్టింది నేనే. పైది ఇడువ్!"

సైదులు కళ్లు మూసుకున్నాడు. ముక్కోటి దేవతల్లో ఒక్కరినీ పిలవలేదు. "జహంగీరూ!" అని అరిచి ఎర్రది లాగాడు. ఆ క్షణం అతన్ని పట్టుకుని ఉన్నది ఒక పేరు మాత్రమే. తర్వాత వెండిరంగుది.

ఫట్టున విచ్చుకున్నాను. ఆకాశం నీలమని గొప్పలు చెబుతారు గానీ, నాకు కాస్త వెలిసినట్టే కనిపించింది. కాళ్లు జోడించి, మోకాళ్లు వంచి, పాఠం తప్పకుండా సైదులు జొన్నచేలో పడ్డాడు.

మండువలో ఇప్పుడు ఆ ఎత్తు నలభై వేల అడుగులు, దారిలో రెండు గద్దలు కూడా ఉన్నాయట.

మోకు పేనినవాడికి మొదటి ముంత ఇవ్వడం వాళ్ల ఆనవాయితీ. జహంగీర్ భాయ్ కల్లు ముట్టడు. అందుకని సైదులు గంపెడు తాటిముంజలు తెచ్చాడు. భాయ్ నాలుగు మింగి, ఆ జిగట చేతులతోనే నన్ను మడవబోయాడు.

సైదులు చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ముందు చేతులు కడుక్కో భాయ్. రేపు మల్ల దుంకుతున్న."