రొట్టెల గదిలో గొయ్యి

తెల్లారగానే మొదటి వాయి రొట్టెలు పొయ్యిలోంచి బయటికొస్తాయి. అవి చల్లారేలోపు బేకరీ వెనక గదిలో బైబిల్ చదువుతారు. పిండి బల్ల చుట్టూ చేరేది కొద్దిమందే. బేకరీ నడిపే అన్న, అతని భార్య, పొయ్యి చూసుకునే తమ్ముడు, పక్కింటి టైలరమ్మ, తాళాలు బాగుచేసే తాత. రోజుకో భాగం. వరసగా పోవాల్సిందే, దాటెయ్యడాలు లేవు. చదివాక ఆ భాగం తనకేం చెప్పిందో తలా ఒక మాట చెప్పాలి. అప్పుడే ఎవరి పనికి వాళ్ళు.

చదివిందల్లా ఆ గదిలోకి వస్తుంది కాబట్టి ముందురోజే అన్నీ సర్దుకుంటారు. జలప్రళయం నాడు మైదా బస్తాలు అటక ఎక్కించారు. పోయినేడు కప్పల భాగం చదువుతుంటే తాతకి ఫోనొచ్చి మధ్యలో ఆపారు. ఇక చూడండి, ఆ కప్పలు మర్నాటిదాకా బిస్కెట్ డబ్బాల్లో కాపురం పెట్టాయి. అందుకని మొదలెడితే ఆపకూడదు. ఆఖరి మనిషి మాట చెప్పాక వచ్చినవన్నీ వచ్చిన దారినే పోతాయి.

ఆ రోజు భాగం ఏశావు వంశం. ఉత్త పేర్లు. పేర్ల రోజున మహా అయితే గడ్డాల ముసలాళ్ళు గుమ్మంలోంచి తొంగి చూసి పోతారంతే. ఎవరూ ఏమీ సర్దలేదు.

అన్న చూపు మాత్రం తలుపు వైపే ఉంది. తమ్ముడి సంచి తలుపు పక్కన కూర్చుంది. చదవడం అవగానే బస్సెక్కి వేరే ఊళ్ళో ఫ్యాక్టరీలో చేరతాడట. ఆ కబురు కూడా వదినకే చెప్పాడు. అన్నతో మాటలు ఆగి నెలలైంది. తమ్ముడికి అప్పుడప్పుడూ మూర్ఛ వస్తుంది. కుదిరిన సంబంధం వాళ్ళతో ఆ సంగతి అన్న చెప్పేశాడు. వాళ్ళు మళ్ళీ గుమ్మం తొక్కలేదు.

"కాస్త తిని వెళ్ళు," అంది వదిన.

"దారిలో తింటాలే వదినా."

"దారిలో మాత్రం ఏముంటాయిరా? నువ్వు కాల్చినవే," అన్నాడు తాత.

టైలరమ్మ చదువుతోంది. పాకం అంటిన వేళ్ళతో రోజూ తిప్పితే పేజీలు అతుక్కోక ఏం చేస్తాయి? రెండు ఆకులు కలిసి తిరిగాయి. ఆవిడ గొంతు పేర్లలోంచి నేరుగా యోసేపు కథ మధ్యలోకి జారింది, అన్నలు తమ్ముణ్ణి నీళ్ళు లేని గోతిలో పడేసిన చోటికి.

నేల నోరు తెరిచింది. తమ్ముడు స్టూలుతో సహా లోపలికి పోయాడు.

"ఆపకమ్మా," అన్నాడు తాత. "ఆపితే ఈ గొయ్యి ఇలాగే ఉండిపోతుంది."

"చదివితే వర్తకులొస్తారు కదా తాతా. పిల్లాణ్ణి కొని పట్టుకుపోతారు," అంది వదిన.

అప్పటికే వీధి చివర ఒంటెల గంటలు వినబడుతున్నాయి. టైలరమ్మ ఒకటో తరగతి పిల్లలా అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ సాగదీస్తోంది.

అన్న నేలమీద బోర్లా పడుకుని, రొట్టెలు తీసే పొడుగు చెక్కని లోపలికి దించాడు. ఇప్పుడు కింద మూర్ఛ వస్తే? తల ఏ రాయికి తగులుతుందో.

"ఒరే, పట్టుకోరా."

"దేనికి? ఎలాగూ పోయేవాణ్ణే. వాళ్ళ ఒంటెమీదే పోతా," అంది కింది గొంతు.

"నేను వాళ్ళతో అబద్ధం చెప్పలేదురా."

"అబద్ధమని నేనన్నానా?"

గంటలు దగ్గరయ్యాయి. చదువు మధ్యలో మాట చెప్పిన మనిషి ఆ గదిలో ఇంతవరకు లేడు. అన్న చెప్పాడు.

"నా మాట ఇప్పుడే చెప్తున్నా. ఆ కథలో పెద్దన్న మంచివాడే. తర్వాత వచ్చి పైకి తీద్దాంలే అనుకున్నాడు. వచ్చేసరికి గొయ్యి ఖాళీ. నేనూ అంతే. కోపం తగ్గాక మాట్లాడదాంలే అని రోజులు నెట్టాను. నీ జబ్బు సంగతి నువ్వు చెప్పుకోవాల్సింది. నీ పక్కన కూర్చోవాల్సినవాణ్ణి, నీ మాట నేను లాక్కున్నా. తప్పు నాదిరా."

గంటలు గుమ్మం ముందు ఆగాయి. టైలరమ్మకి సాగదియ్యడానికి అక్షరాలు అయిపోవస్తున్నాయి.

చెక్క ఒక్కసారిగా బరువెక్కింది. వదిన, తాత అన్న కాళ్ళు పట్టుకుని వెనక్కి లాగారు. తమ్ముడు ఒళ్ళంతా దుమ్ముతో పైకొచ్చి పడ్డాడు.

తలపాగా వర్తకుడు లోపలికొచ్చి, "మనిషేడీ?" అన్నాడు. అన్న లేచి తమ్ముడికి అడ్డంగా నిలబడ్డాడు. వర్తకుడు అతని భుజం మీంచి చూశాడు.

"ఇక్కడ అమ్మేవి రొట్టెలే," అన్నాడు తమ్ముడు వెనకనుంచి, ఒక వేడి రొట్టె చాచి. వర్తకుడు దాన్ని వాసన చూశాడు, చంకలో పెట్టుకున్నాడు, ఒంటెల్ని తోలుకుపోయాడు.

టైలరమ్మ మిగతాది గుక్కతిప్పుకోకుండా చదివేసింది. ఆవిడ తన మాట చెప్పింది, వదిన చెప్పింది, తాత చెప్పాడు. చెప్పినకొద్దీ గొయ్యి ముడుచుకుని పళ్ళెమంత మిగిలింది. ఇక తమ్ముడే. బయట బస్సు హారన్ కొట్టింది. అందరూ అతని మొహంలోకే చూస్తున్నారు. అన్న ఒక్కడు నేలకేసి చూస్తున్నాడు.

తమ్ముడు దుమ్ము దులుపుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు.

"రేపటి భాగం నేను చదువుతా అన్నయ్యా," అన్నాడు.

నేల మూసుకుంది.