చివరి పేజీలో బాతు

నేను పుట్టింది చేబ్రోలులో, కాపురం తెనాలిలో, ఉద్యోగం రేపల్లెలో. నోరు మాత్రం మూడూళ్ళకీ సరిపోయేంత ఉందని మా ఆయన అంటారు. అంటే అననీండి. యూకేజీ పిల్లలకి ఇంగ్లీషు చెప్పేదానికి నోరు లేకపోతే ఎలా?

ఆ నోటితోనే ఆ రోజు సైదావలిగారి మీద ఇంతెత్తున లేచాను.

సైదావలిగారు మా బడి వీధిలోనే దూది పరుపులు కుడతారు. ఆయన మనవరాలు నగ్మా నా క్లాసు పిల్ల. మనిషి పిడికెడంత, కళ్ళు మాత్రం చారెడేసి. శుక్రవారం మధ్యాహ్నం ఆయన గడ్డానికి దూది నలకలతో వచ్చి, క్లాసు గుమ్మం బయటే నిలబడి, "టీచరమ్మా, మా పిల్ల టీసీ ఇప్పించండి" అన్నారు.

"టీసీ ఏంటండీ, ఏడాది మధ్యలో?"

"బాపట్లలో మా అమ్మాయి, నగ్మా మేనత్త సిమ్రాన్ ఉందండి. వాళ్ళింటి పక్క బడిలో పిల్లలు పేజీలకి పేజీలు రాసేస్తున్నారంట. దీన్ని అక్కడే ఉంచి చదివిద్దామని. మీరేమో ఇక్కడ బొమ్మలు చూపిస్తున్నారు. బొమ్మలు చూడ్డానికి బడెందుకండి, గోడ మీద క్యాలెండర్ చాలదా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. క్యాలెండరంట! ఇంట్లో ఇంగ్లీషు ముక్క వినపడని పిల్లకి 'డక్' అన్న మాట ఎక్కణ్ణించి ఊడిపడుతుంది? ముందు బాతు కనపడాలి. అది చేసే అల్లరికి పిల్ల నవ్వాలి. ఆ నవ్వుతో మాట నోట్లోకి రావాలి. అప్పుడు అక్షరాల మీద వేలు పెట్టి చూపిస్తే పట్టుకుంటుంది. ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పి, "రావే నగ్మా" అని పిలిచి, బాతు పుస్తకం చేతికిచ్చాను. అందులో ఒక బాతు పడుకోడానికి చోటు వెతుక్కుంటూ ఇల్లంతా తిరుగుతుంది.

నగ్మా వేలు పెట్టి, "డక్ ఇన్ ద పాట్. నో!" అంది. పేజీ తిప్పింది.

సైదావలిగారు లోపలికొచ్చి, ఆ పేజీలో బొమ్మ మీద అరచెయ్యి బోర్లించారు. "ఇప్పుడు చదువు."

నగ్మా తాత చేతివంక చూసింది, ముఖంవంక చూసింది. "చెయ్యి తియ్యి తాతా. బాతుకి ఊపిరాడట్లేదు."

క్లాసంతా గొల్లుమంది. ఆయన నవ్వలేదు. "చూశారా? బొమ్మ మూస్తే నోరు మూతపడింది. నాకు చదువు రాదు కదా, ఏం చెప్పినా నమ్ముతాననుకున్నారేమో" అన్నారు.

ఆ మాట చురుక్కుమంది. అయినా ఊరుకోలేక, "దాన్ని వదిలి మీరు ఉండగలరా?" అని అడిగేశాను.

ఆయన తల తిప్పుకున్నారు. "లేనండి. సాయంత్రం నా గడ్డంలో దూది ఏరేది అదే. కానీ నాలాగా అయిపోకూడదు కదండి."

నా కోపం ఎటు పోయిందో పోయింది. పిల్లని పంపడం నాకెంత ఇష్టం లేదో, ఆయనకి అంతకన్నా లేదు. "సోమవారం దాకా ఆగండి బాబాయిగారూ. పుస్తకం ఇంటికి తీసుకెళ్ళండి, ఇద్దరూ కలిసి చూడండి. అప్పటికీ చదవలేదంటే టీసీ నేనే దగ్గరుండి రాయిస్తాను" అన్నాను.

చివరి పేజీకి బట్టలారేసే క్లిప్పు పెట్టి ఉంటుంది. క్లాసులో దాన్ని నేనింకా విప్పలేదు. బాతు చివరికి ఎక్కడ పడుకుందో తెలియక పిల్లలు గింజుకోవాలి, అదీ నా ఎత్తు. నగ్మా కూడా ఆ పేజీ చూడలేదు.

"చిరిగితేనోనండి?" అన్నారాయన, పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుని.

"చిరిగితే చిరిగింది!"

అన్నానే గానీ, ఇంటికెళ్ళాక మనసంతా సోమవారం మీదే. ఆదివారం పెసరట్లు మాడ్చేశాను. మా ఆయన కిక్కురుమనకుండా తిన్నారు.

సోమవారం రైలు దిగి బడికొచ్చేసరికి గేటు దగ్గర సైదావలిగారు ఉతికిన చొక్కాలో నిలబడి ఉన్నారు. పక్కన నగ్మా. ఆయన చేతిలో ప్రయాణం సంచి. అయిపోయింది, పిల్ల వెళ్ళిపోతోంది అనుకున్నాను.

ఆయన సంచిలోంచి పరుపుగుడ్డలో చుట్టిన పుస్తకం తీసి ఇచ్చారు. చివరి పేజీ అడ్డంగా చిరిగి ఉంది. దాని మీద పరుపులు కుట్టే ఎర్రదారంతో పెద్ద పెద్ద కుట్లు.

"ఎవరండీ చింపింది?" నోరు ఊరుకోదు కదా.

"నేనేనండి. బాతు ఎక్కడ పడుకుందో చూడాలని నాకు ఆత్రం. ఇదేమో క్లిప్పు తియ్యగానే కింద లైను మీద వేలు నొక్కిపెట్టి, చదివేదాకా ఆగు తాతా అంటది. పైన పట్టుకుని లాగాను. బొమ్మ నా చేతికొచ్చేసింది. అక్షరాల ముక్క దాని దగ్గర ఉండిపోయింది."

"అప్పుడు?"

"బొమ్మని వీపు వెనక దాచేశానండి. నేనూ చూళ్ళేదు, ఒట్టు. ఇప్పుడు చదవమన్నాను. అది ఏడుపుమొహం పెట్టింది. నాకూ దడే. ఇంకేం చదువుద్ది, బాపట్ల పంపాల్సిందే అనుకున్నా. కాసేపటికి వేలు కదిలిందండి. ఇంగ్లీషులో ఏదో అంది. అంటే ఏంటే అన్నాను. బాతు పరుపు మీద పడుకుంది తాతా అంది."

ఆయన ఆ ఎర్ర కుట్ల మీద వేలు పెట్టారు.

"చెయ్యి ముందుకు తెచ్చి చూసుకున్నానండి. పరుపే టీచరమ్మా. చారల పరుపు."

నాకు మాట రాలేదు. నాకు! నగ్మాని దగ్గరికి లాక్కుని, నూనె జిడ్డు ఓడుతున్న ఆ తలని అలాగే నా చీరకి అదుముకున్నాను.

అప్పుడు సంచి గుర్తొచ్చి, "మరి ఈ సంచేంటండి?" అన్నాను.

"బాపట్లకి నేనొక్కణ్ణే వెళ్తున్నానండి. పిల్లని పంపనని ఫోన్లో చెబితే సిమ్రాన్ అలుగుద్ది. సాయంత్రానికి వచ్చేస్తాను." ఇంకా ఏదో అడగాలని ఉండి ఆగారు. తర్వాత నెమ్మదిగా, "ఇంకో పుస్తకం ఇప్పిస్తారా అమ్మా? ఈసారి చెయ్యి పెట్టను" అన్నారు.

నగ్మా నా చీరలోంచి తల బయటపెట్టింది. "అయితే చేతులు కట్టుకో తాతా."

సైదావలిగారు సంచి కింద పెట్టి, గేటు దగ్గరే, బుద్ధిగా చేతులు కట్టుకున్నారు.